పద్దెనిమిది సెట్ల బూట్లు, నెలకి నూటపదహార్లు

(విపత్తుల్లో మనుషుల్ని వెతికే కుక్కల కోసం చందాలు పోగుచేయడం గురించి మొన్న ఆదివారం సాయంత్రం సోంపేటలో మా సంఘం కోశాధికారి మాట్లాడిన మాటలివి. వాన వల్ల రాలేకపోయినవాళ్లు అడిగారని రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, అంతే. మాటలన్నీ ఆయనవే.)

అందరికీ నమస్కారం. వెనకున్న కుర్రాళ్లు ముందుకి వచ్చేయండి నాయనా. ముందు కుర్చీలు ఖాళీగా వదిలేసి గోడకి చేరబడిపోతే నాకు మాట్లాడబుద్ధి కాదు. పెద్దమ్మా, మీకు ఫ్యాను గాలి తగులుతోందా? సరే.

నేను ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ని కాదు. మీలో సగం మందికి నేను పశువుల మందుల షాపతన్ని. ఇరవై ఏడేళ్లుగా ఆవు మేత మానేసినా, మేకకి కడుపుబ్బినా, కుక్కకి పిడుదులు పట్టినా నా దగ్గరికే వస్తారు, అప్పు పెట్టి వెళ్తారు. నవ్వకండి, అప్పుల పుస్తకం కూడా సంచిలోనే ఉంది. ఇవాళ దాని జోలికి వెళ్లను. ఇవాళ చెప్పేది ఇంకో పుస్తకం సంగతి.

మన కుర్రాళ్లు పోస్టరు మీద 'విపత్తు కుక్కలకు చేయూత' అని వేశారు. అది చూసి మా వీధిలో ఒకాయన, పేరు చెప్పనులెండి, ఇక్కడే ఉన్నాడు, 'కుక్కలకి విపత్తేటి బావా, మున్సిపాలిటీ వాళ్లు పట్టుకుపోతున్నారా?' అని అడిగాడు. కాదు బాబూ. బిల్డింగు కూలినా, కొండచరియ విరిగిపడినా, భూకంపం వచ్చినా, మట్టికింద మనిషి ఎక్కడున్నాడో ముక్కుతో చెప్పే కుక్కలు ఉంటాయి. వాటి కోసం చందా అడగడం గురించి ఈ మాటలు. చందా ఎలా అడగాలో చెప్పే ముందు మేము ఎలా తప్పుగా అడిగామో చెప్తాను. అదే ఎక్కువ పనికొస్తుంది.

2018 అక్టోబరు 11. మీకు నేను తిత్లీ తుపాను గురించి చెప్పడమంటే కవిటివాళ్లకి కొబ్బరికాయలు అమ్మడమే. ఆ రోజు తెల్లారాక నేను తలుపు తీస్తే షాపు మీద రేకులు లేవు, ఎదురింటి కొబ్బరిచెట్టు మా మెట్ల మీద పడుకుని ఉంది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస ఎలా నేలకొరిగాయో అందరం చూశాం. ఆ తర్వాత మన కరెంటు స్తంభాలు ఎవరు నిలబెట్టారు? ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చిన లైన్‌మేన్లు. మన అరుగుల మీద పడుకున్నారు, మన ఇళ్లలో చోడి అంబలి తాగారు, మన యాసకి నవ్వుకున్నారు, పని చేసిపెట్టి పోయారు. వాళ్ల పేర్లు మనకి తెలుసా? ఒక్కరి పేరైనా?

మరి అప్పుడు కుక్కలు వచ్చాయా? నేను చూడలేదు. నిజం చెప్పాలంటే తుపానుకి వాటితో పెద్ద పని పడదు. తిత్లీకి మనకి కావలసింది చెట్లు కోసే రంపాలు, తాగే నీళ్లు. అందుకే 'మనకి కుక్కలెందుకు, సముద్రం పక్కనున్నోళ్లం' అని ఎవరైనా అంటే నాకు కోపం రాదు. నేనూ అలాగే అనుకున్నాను.

అనుకున్నాను గానీ, ఒక్కటి మర్చిపోయాను. మనం సముద్రం పక్కనే ఉన్నాం, మన పిల్లలు ఇక్కడ లేరు. మన పిల్లలు ఎక్కడున్నారు? హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలో, చెన్నైలో తాపీపనిలో, ఇంకా ఎక్కడెక్కడో. పది అంతస్తుల పైన ఒకడు, కింద పునాదిలో ఒకడు. 2014 జూన్ 28, శనివారం సాయంత్రం, చెన్నై పక్కన మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల బిల్డింగు కూలిపోయింది. 61 మంది పోయారు. 27 మందిని ప్రాణాలతో బయటికి తీశారు. ఆ 61 మందిలో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కూలికి వెళ్లినవాళ్లు ఉన్నారు. గుర్తుందా మీకు? ఆ వారమంతా మన రెండు జిల్లాల్లో ఎన్ని ఇళ్లలో టీవీ ఆపలేదో, ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలగలేదో. అక్కడ ఎన్డీఆర్ఎఫ్, అంటే జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం వాళ్లు కుక్కల్ని పెట్టి వెతికారు. ఆ కుక్క వెతికింది ఎవరిని? మనవాణ్ని. మన భాష దానికి రాదు, మన ఊరు దానికి తెలీదు, అయినా అది వెతికింది మనవాణ్నే.

విశాఖలో రామజోగిపేట కూడా అంతే, 2023 మార్చి, మూడంతస్తుల ఇల్లు కూలింది, అర్ధరాత్రి దాటాక అందరూ నిద్రలో ఉండగా. అది ఇంకా దగ్గర, రెండు మూడు గంటల ప్రయాణం.

సరే, అసలు ఈ కుక్క ఏం చేస్తుంది? మా బావమరిది కేంద్ర బలగాల్లో డాగ్ హ్యాండ్లర్‌గా, అంటే కుక్కకి నేర్పి దాంతో పనిచేయించే మనిషిగా, చేసి వచ్చాడు. గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో బీఎస్ఎఫ్ వాళ్ల కుక్కల శిక్షణ కేంద్రం ఉంది, అక్కడ నేర్చుకున్నాడు. అతను మైకు ముందుకి రానన్నాడు, కాబట్టి అతను చెప్పింది నేను చెప్తున్నాను. తప్పులుంటే నావి.

పోలీసు కుక్క దొంగని పట్టుకోవడానికి ముక్కు నేలకి పెట్టి వెళ్తుంది, సినిమాల్లో చూస్తాం కదా. దానికి ఒక చెప్పో చొక్కానో వాసన చూపిస్తారు, ఆ ఒక్క మనిషి కోసమే వెతుకుతుంది. ఇది అలా కాదు. ఇది ముక్కు పైకెత్తి గాలిలో వెతుకుతుంది. దీనికి ఫలానా మనిషి అని లేదు. శిథిలాల కింద ఏ మనిషైనా సరే, మనిషి వాసన వస్తే చాలు. మన ముక్కులో వాసన పట్టే కణాలు యాభై అరవై లక్షలు ఉంటాయంటారు. కుక్కకి పది కోట్ల పైమాట, కొన్ని జాతులకి ముప్పై కోట్ల దాకా. నాకు ఈ అంకెలు తలకెక్కవు, మీకూ ఎక్కవు. ఇలా చూడండి: పక్క వీధిలో ఎవరో ఎండుచేపల పులుసు పెడితే మనకి తెలిసిపోతుంది. ఏ ఇంట్లోనో కూడా కొందరు చెప్పేస్తారు, మా ఆవిడ చెప్తుంది. కుక్క ఆ పులుసులో వంకాయ వేశారో లేదో కూడా చెప్తుంది.

కానీ ఇందులో ఒక చిక్కు ఉంది. మనిషి ఒకచోట ఉంటే వాసన ఇంకోచోట బయటపడుతుంది. పెంకుటిల్లు గుర్తుచేసుకోండి. పొయ్యి వంటింట్లో ఉంటుంది, పొగ మాత్రం పెంకుల సందుల్లోంచి ఎక్కడెక్కడి నుంచో వస్తుంది. కూలిన బిల్డింగు కూడా అంతే. పది అడుగుల కింద మనిషి ఉంటే, వాసన పక్కకి పాకి ఏ సందులోంచో పైకి వస్తుంది. కుక్క అక్కడ మొరుగుతుంది. అక్కడే తవ్వితే మనిషి దొరకడు. గాలి ఎటు వీస్తోంది, పలక ఎటు వాలింది, ఇదంతా హ్యాండ్లర్ చూసి చెప్పాలి. అందుకే 'మంచి కుక్క' అని ఒక్కదాన్నే అనకూడదు బావా అంటాడు మా వాడు. కుక్కా మనిషీ కలిపి ఒకటి. మనిషి మారితే మళ్లీ మొదటికొచ్చినట్టే.

పని మొదలెట్టే ముందు అన్నీ ఆపేస్తారంట. జేసీబీ ఆపుతారు, జనరేటర్ ఆపుతారు, పక్కన ఏడుస్తున్నవాళ్లని కూడా కాస్త ఊరుకోమంటారు. ఊహించుకోండి ఒకసారి. అంత గోలలో ఒక్కసారిగా నిశ్శబ్దం. కుక్క మెడపట్టీ తీసేసి వదులుతారు, పట్టీ ఎందుకు తీస్తారో తర్వాత చెప్తాను. అది పలకల మీద మెల్లగా కడుపు ఆనించి పాకుతుంది. ఆగుతుంది. తల తిప్పుతుంది. తోక ఆడే తీరు మారుతుంది. ఆ మార్పు హ్యాండ్లర్‌కి తప్ప ఇంకెవరికీ తెలీదంట. ఒకచోట ముక్కు సందులో దూర్చి, గట్టిగా పీల్చి, కాళ్లతో గీకి, అప్పుడు మొరుగుతుంది. దాని మాట ఒక్కదాన్నే నమ్మరు. దాన్ని పక్కకి తీసుకొచ్చి రెండో కుక్కని పంపుతారు, ఇది ఎక్కడ మొరిగిందో దానికి తెలీకుండా. అదీ అక్కడే మొరిగితే అప్పుడు తవ్వుతారు. 2023 ఫిబ్రవరి 6న తుర్కియేలో, అదే టర్కీలో, భూకంపం వచ్చింది కదా, మన ఎన్డీఆర్ఎఫ్ కూడా వెళ్లింది, ఆపరేషన్ దోస్త్ అని. గాజియాన్‌తెప్ వైపు నూర్దగి అనే ఊళ్లో జూలీ అనే లాబ్రడార్ ముందు మొరిగింది, తర్వాత రోమియోని పంపితే అదీ అక్కడే మొరిగింది. తవ్వితే ఆరేళ్ల పాప, ప్రాణంతో. ఆరేళ్లు! అలాంటి గుంటపిల్ల మీ ఇంట్లో లేదా?

ఈ పని కుక్క ఎందుకు చేస్తుంది? జాలితోనా? మా బావమరిది ఈ మాటకి నవ్వుతాడు. జాలీ లేదు, దేశభక్తీ లేదు బావా, బంతి కోసం. చిన్నప్పటి నుంచి దానికి అదొక ఆట. మనిషి దాక్కుంటాడు, అది కనిపెట్టి మొరుగుతుంది, దాక్కున్నవాడు బయటికి వచ్చి 'శాబాష్, శాబాష్' అని బంతి ఇచ్చి ఆడతాడు. ఏడాది, ఏడాదిన్నర రోజూ ఇదే ఆట. ముందు తలుపు వెనక, తర్వాత డ్రమ్ములో, తర్వాత సిమెంట్ తూములో, తర్వాత రాళ్లకుప్ప కింద. మరి నిజం విపత్తులో మనిషి ప్రాణంతో దొరక్కపోతే? బంతి రాదు. రెండు రోజులు, మూడు రోజులు బంతి రాకపోతే దానికి ఆట మీద ఆశ పోతుంది. 2001 సెప్టెంబరు 11 తర్వాత న్యూయార్క్‌లో సుమారు మూడొందల కుక్కలు పనిచేశాయంటారు. బతికున్నవాళ్లు దొరక్క కుక్కలు డీలా పడిపోతుంటే, హ్యాండ్లర్లే ఒకరి తర్వాత ఒకరు వెళ్లి శిథిలాల్లో దాక్కునేవారంట, కుక్క కనిపెట్టి సంతోషించాలని. నేను ఈ మాట విన్న రోజు షాపు మూశాక చాలాసేపు అలా కూర్చుండిపోయాను.

చనిపోయినవాళ్లని వెతికే కుక్కలు వేరు, వాటి శిక్షణ వేరు. 2025 ఫిబ్రవరి 22న తెలంగాణలో ఎస్ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోతే, కేరళ పోలీసుల కుక్కల్ని రప్పించారు. మార్చి మొదట్లో అవి చూపించిన చోట తవ్వితేనే మొదటి మృతదేహం దొరికింది. 'చచ్చినవాడు ఎలాగూ పోయాడు, కుక్కెందుకు' అనకండి. ఇంటికి శవం వస్తే కదా కర్మ చేసేది. రాకపోతే ఆ ఇంట్లో ఎన్నేళ్లైనా తలుపు వైపే చూస్తారు.

ఇంక డబ్బు సంగతి

2024 జూలై 30న వయనాడ్‌లో కొండ విరిగిపడింది. చూరల్‌మల, ముండక్కై. టీవీలో చూశాం, ఫోన్లో చూశాం. ఆ బురదలో కుక్కలు తిరగడం చూసి మన కుర్రాళ్లు నా దగ్గరికి వచ్చారు, 'బాబాయ్, ఏదో ఒకటి చెయ్యాలి, నువ్వు పశువుల మందుల షాపోడివి, నువ్వే ముందుండాలి' అన్నారు. సరే అన్నాను. చవితి చందాకి తిరిగినట్టే తిరిగాం. అంతకంటే సులువుగా వచ్చాయి. చవితికి 'మొన్నే ఇచ్చాం కదా' అంటారు, దీనికి ఎవరూ అనలేదు. బజారులో చేపలమ్మే అప్ప కూడా కొంగు విప్పి యాభై ఇచ్చింది. నాలుగు రోజుల్లో 63,450 రూపాయలు. నేనే లెక్కపెట్టాను, రెండుసార్లు.

ఇప్పుడు ఆ డబ్బుతో ఏం కొనాలి? ఎవరినైనా అడగాలి కదా? అడగలేదు. ఎందుకడగలేదు? నాకు తెలుసనుకున్నాను. మెక్సికో నేవీలో ఫ్రీడా అని ఒక కుక్క ఉండేది, 2017 భూకంపంలో కళ్లద్దాలు, కాళ్లకి బూట్లు వేసుకుని పనిచేసింది. ఆ ఫొటో నేను చూసి ఉన్నాను. రాళ్లు, చువ్వలు, గాజుపెంకులు, పాపం కాళ్లు కోసుకుపోవూ? బూట్లు కొందాం! ఆన్‌లైన్‌లో వెతికి, సెట్టు 2,300 చొప్పున పద్దెనిమిది సెట్లు పెట్టేశాను. నాలుగు కాళ్లకి నాలుగు, పసుపూ నలుపూ, వెల్క్రో పట్టీలు, ఎంత ముద్దొచ్చాయో. 41,400 రూపాయలు. అట్టపెట్టెలు షాపులో దించుకుని, వాటి పక్కన కుర్రాళ్లని నిలబెట్టి ఫొటో తీసి, మా బావమరిదికి పంపాను. అప్పటికి అతను ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు. రాత్రి ఫోన్ చేశాడు.

'బావా, ఎన్ని కొన్నావు?'

'పద్దెనిమిది సెట్లు.'

కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, 'బావా, కొబ్బరిచెట్టు ఎవరైనా బూట్లేసుకుని ఎక్కుతారా?' అన్నాడు.

అంతే. ఆ ఒక్క మాటతో నాకు 41,400 కళ్లముందు తిరిగాయి. విషయం ఏంటంటే, శిథిలాల మీద చాలామంది హ్యాండ్లర్లు కుక్కకి బూట్లు వేయరు. అది కాలివేళ్లు విప్పి, గోళ్లు దించి, పలక జారుతోందా కదులుతోందా అని కాలితో తెలుసుకుంటూ నడుస్తుంది. బూటు వేస్తే ఆ పట్టు పోతుంది, పడుతుంది. మెడపట్టీ కూడా అందుకే తీసేది, ఏ ఇనుప చువ్వకో తగులుకుంటే ఉరి పడిపోతుంది. ఫ్రీడా వేసుకుంది కదా అని నేను వాదించాను. 'ఎక్కడ వెయ్యాలో ఎక్కడ వెయ్యకూడదో దాని హ్యాండ్లర్‌కి తెలుసు బావా, నీకు తెలీదు కదా' అన్నాడు. అతను మంచివాడు కాబట్టి అంతటితో ఆపాడు.

షాపువాడు వాపసు తీసుకోనన్నాడు. ఆ బూట్లు ఏమయ్యాయి? రెండు సెట్లు, కాలు కోసుకుపోయిన వీధికుక్కలకి కట్టు మీద తొడిగాం, కట్టు నాకేయకుండా. ఒక సెట్టు మా మనవడు బొమ్మలకి వేశాడు. మిగిలినవి అటక మీద ఉన్నాయి. ఎవరికైనా కావాలంటే ఇస్తాను, నిజంగానే అడుగుతున్నాను.

ఇంకో తప్పు కూడా చెప్పేస్తాను. తుర్కియే భూకంపం అప్పుడు ఒక ఫొటో వచ్చింది, గుర్తుందా? శిథిలాల్లోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి ఉంటుంది, పక్కన కుక్క పడుకుని ఉంటుంది. అది చూసి కన్నీళ్లు పెట్టుకోనివాళ్లు లేరు. నేను పదకొండు గ్రూపులకి ఫార్వర్డ్ చేశాను. అది ఆ భూకంపం ఫొటోయే కాదు, 2018లో అమ్మకానికి తీసిపెట్టుకున్న స్టాక్ ఫొటో. ఇప్పుడైతే కంప్యూటర్ తయారుచేసిన బొమ్మలే వస్తున్నాయి, కింద క్యూఆర్ కోడ్. కాబట్టి బాబూ, కుక్క బొమ్మ చూసి కళ్లు చెమ్మగిల్లినప్పుడు ఫోన్‌పే తెరవకండి. ముందు కళ్లు తుడుచుకోండి, తర్వాత ఆ కోడ్ ఎవరిదో అడగండి.

సరే, మరి డబ్బు ఎక్కడ కావాలి? ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి, నాకు కూడా దీన్ని తెలుసుకోడానికి ఏడాది పట్టింది.

ప్రభుత్వ కుక్కలకి, అంటే ఎన్డీఆర్ఎఫ్, సైన్యం, పోలీసు కుక్కలకి, తిండీ మందూ డాక్టరూ ప్రభుత్వమే చూసుకుంటుంది. మనకి దగ్గర్లో ఉన్నది ఎన్డీఆర్ఎఫ్ పదో బెటాలియన్, కృష్ణా జిల్లా కొండపావులూరులో. మీరు బియ్యం బస్తా పట్టుకుని అక్కడికి వెళ్తే నమస్కారం పెట్టి వెనక్కి పంపుతారు. ప్రభుత్వానికే ఇవ్వాలనుకుంటే 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద జాతీయ విపత్తు ప్రతిస్పందన నిధి ఉంది, దానికి మామూలు మనిషి కూడా ఇవ్వొచ్చు. ఇవ్వండి. కానీ అది విపత్తులన్నిటికీ, కుక్కలకని కాదు.

డబ్బుకి కటకట ఎక్కడంటే, ఒకటి రిటైరైన కుక్కల దగ్గర. ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో పనిచేస్తుంది, తర్వాత ఎవరో ఒకరు తీసుకెళ్తారు, చాలాసార్లు హ్యాండ్లరే. మా బావమరిది రిటైరై వస్తూ టీనాని తెచ్చుకున్నాడు. లాబ్రడార్, నల్లది. దానికి తెలుగు రాదు. మా చెల్లి 'రాయే, రాయే' అంటే అలా చూస్తుంది, 'బైఠ్' అంటే టక్కున కూర్చుంటుంది. రాళ్లమీద ఎక్కీ దూకీ దాని తుంటి కీళ్లు అరిగిపోయాయి. పొద్దున్న లేచేటప్పుడు ముందు కాళ్ల మీద లేచి, వెనక్కాళ్లు ఈడ్చుకుని, రెండు నిమిషాలు నిలబడి, అప్పుడు నడుస్తుంది. నేను మందులు అమ్మేవాణ్ని, నాకు తెలుసు కీళ్లనొప్పి మందు నెలనెలా ఎంతవుతుందో. ఎక్స్‌రే కోసం విశాఖ తీసుకెళ్లాలంటే బస్సులో ఎక్కనివ్వరు, కారు మాట్లాడాలి. పెన్షన్ మీద బతికే మనిషి ఎంతని పెడతాడు? వయనాడ్ చందాలో మిగిలిన 22,050లో మొదటి ఖర్చు అదే, టీనా ఎక్స్‌రే. చందా ఇచ్చినవాళ్లందరినీ పిలిచి అడిగి, ఒప్పుకున్నాకే పెట్టాం. ఇద్దరు ఒప్పుకోలేదు, వాళ్ల డబ్బు వాళ్లకి తిరిగిచ్చేశాం.

రెండోది స్వచ్ఛందంగా చేసేవాళ్ల దగ్గర. మన దగ్గర ఇది తక్కువ, బయటి దేశాల్లో ఎక్కువ. స్విట్జర్లాండ్‌లో రెడాగ్ అని 1971 నుంచి ఉంది, అందులో హ్యాండ్లర్లు జీతగాళ్లు కాదు, వేరే ఉద్యోగాలు చేసుకునేవాళ్లు. తుర్కియేకి వాళ్లూ వెళ్లారు. అమెరికాలో 1995లో ఓక్లహోమాలో బాంబు పేలి 168 మంది చనిపోయినప్పుడు, విల్మా మెల్విల్ అని రిటైరైన టీచరమ్మ, మర్ఫీ అనే తన కుక్కతో వెళ్లింది. అక్కడ శిక్షణ పొందిన కుక్కలు ఎంత తక్కువగా ఉన్నాయో చూసి, మరుసటి ఏడాదే ఒక సంస్థ పెట్టింది. ఎవరూ వద్దనుకున్న కుక్కల్ని తెచ్చి, నేర్పించి, ఫైర్ డిపార్ట్‌మెంట్లకి ఊరికే ఇస్తారు. ఖర్చంతా చందాలే. రిటైరైన టీచరమ్మ! ఇక్కడ నాకు ముగ్గురు రిటైరైన మాస్టార్లు కనిపిస్తున్నారు, నేనేమీ అనడం లేదు.

ఇప్పుడు అసలు లెక్క చూడండి. విపత్తు ఇవాళ వచ్చింది, రేపు కుక్క వచ్చింది, మనం ఎల్లుండి చందా ఇచ్చాం. ఆ ఎల్లుండి డబ్బు రేపటి కుక్కకి ఎలా ఉపయోగపడుతుంది? పడదు కదా. ఆ రేపటి కుక్క రెండేళ్ల కిందట ఎవరో పెట్టిన అన్నంతో వచ్చింది. ఏ విపత్తూ లేని మామూలు మంగళవారం, ఎవరూ ఫొటో తియ్యని మంగళవారం, ఎవరో దాన్ని తూముల్లో తిప్పి, స్నానం చేయించి, సూది వేయించారు. చందా కావలసింది ఆ మంగళవారానికి. మనం ఇచ్చేది మాత్రం టీవీలో వచ్చిన రోజు.

అందుకే రెండోసారి పద్ధతి మార్చాం. పెద్ద మొత్తాలు వద్దన్నాం. నెలకి నూటపదహార్లు. పెళ్లిలో చదివింపులు రాయించినట్టే, పుస్తకం, పేరు, ఊరు, నూటపదహారు. ఏమాటకామాట, నూటపదహారు అంటే మనవాళ్లు కాదనలేరు, అది చేతికి అలవాటైన అంకె. మొదటి నెల 74 మంది రాయించారు. 8,584 రూపాయలు. మూడో నెలకి ఎంతమంది మిగిలారో చెప్పండి? 51. ఇప్పుడు 58. వెళ్లిపోయినవాళ్లని నేనేమీ అనను. విపత్తు లేనప్పుడు విపత్తు కోసం డబ్బివ్వడం కష్టం, నేనే ఒక నెల మర్చిపోయాను, కోశాధికారిని!

ఖర్చు లెక్క ప్రతి నెలా ఒకటో తారీఖున నా షాపు తలుపు మీద అంటిస్తాను, చేత్తో రాసి. రెండు రిటైరైన కుక్కలకి మందులు, ఒకటి టీనా, ఇంకోటి టెక్కలి వైపుది. ఒక మందుల పెట్టె, అందులో ఏముంటాయో చెప్తాను, బూట్లు మాత్రం ఉండవు. కళ్లు కడగడానికి సెలైన్, ఎందుకంటే సిమెంట్ దుమ్ము కళ్లలో పడుతుంది. వడదెబ్బకి ఎక్కించే ఫ్లూయిడ్లు. థర్మామీటరు, కుక్కకి 101, 102 మామూలే, 105 దాటితే పరుగెత్తాలి. దానికి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే. మన ఉక్కలో ఇరవై నిమిషాలు, అరగంట పనిచేయించి నీడకి తెచ్చేయాలి. వరదనీళ్లలో తిరిగే కుక్కకి లెప్టో, అంటే ఎలుకజ్వరం, రాకుండా ఏటా టీకా. పని అయ్యాక స్నానం చేయించడానికి టబ్బు, సబ్బు. ఇవీ ఖర్చులు. ముద్దుగా ఉండవు. ఫొటోలో బాగోవు.

ఇద్దరు కుర్రాళ్లు తమ కుక్కలకి నేర్పిస్తామంటే మా బావమరిది ఆదివారాలు బారువ బీచి పక్కన తూములు పెట్టి నేర్పిస్తున్నాడు. అప్పుడే 'రెస్క్యూ టీమ్' అని బోర్డు రాయించుకొచ్చారు. తీయించేశాను. ఎవరూ పిలవకుండా విపత్తు చోటికి కుక్కని పట్టుకుని వెళ్లకూడదు. నేర్పు చాలని కుక్క తప్పుగా మొరిగితే, తవ్వేవాళ్లు నాలుగు గంటలు తప్పుచోట తవ్వుతారు. ఆ నాలుగు గంటలు ఎవరివి? కిందున్నవాడివి.

ఒక్క మాట పన్ను గురించి. మాస్టారు ఇందాక పన్ను మినహాయింపుకి పెట్టుకునే 80జీ రసీదు వస్తుందా అని అడిగారు. రాదు. మన సంఘానికి ఆ అనుమతి లేదు, ఉందని అబద్ధం చెప్పను. 80జీ ఉన్న సంస్థకి ఇచ్చినా రెండు వేలు దాటి నగదుగా ఇస్తే మినహాయింపు రాదు, అది గుర్తుపెట్టుకోండి.

ఏటమ్మా, నువ్వేదో అడుగుతున్నావు? గట్టిగా చెప్పు. ఆ... 'ఉద్దానంలో మనుషులు కిడ్నీలు పోయి డయాలసిస్‌కి తిరుగుతుంటే కుక్కలకి చందాలేటి' అంటోంది. మంచి ప్రశ్న చెల్లెమ్మా. ఎవరైనా అడుగుతారని పొద్దున్నుంచి ఎదురుచూస్తున్నాను. నా దగ్గర దీనికి గొప్ప జవాబు లేదు. డయాలసిస్ మనిషికి ఆటో ఖర్చుకి ఇచ్చే వంద ఆపేసి దీనికి ఇవ్వకు. అది ముందు, ఎప్పుడూ ముందు. మా పుస్తకంలో నలుగురు అలాగే చెప్పి మానేశారు, నేను సరే అన్నాను. అది ఇచ్చాక ఇంకా చేతిలో ఉందనుకుంటేనే నూటపదహారు. లేదంటే నెలకొకసారి టీనాని బీచికి నడిపించడానికి రా, అది కూడా రాసుకుంటాను పుస్తకంలో.

ఇంక చాలు, టీ చల్లారిపోతోంది. పుస్తకం గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది, పక్కన పెన్ను దారంతో కట్టి ఉంది, గత చవితికి రెండు పెన్నులు పోయాయి కాబట్టి. కిందటి నెల లెక్క అక్కడే అంటించాను, చదివి అడగండి. టీనా బయట వేపచెట్టు కింద ఉంది, చూడాలనుకున్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లండి. దండ వెయ్యొద్దు, ఇందాక ఎవరో తెచ్చారు, తినేసింది. బిస్కెట్లు అస్సలు పెట్టకండి, దానికి బరువు పెరిగితే తుంటికి నొప్పి ఎక్కువవుతుంది. పిల్లలెవరైనా ఆడాలనుకుంటే ఆ వరండాలో స్తంభం వెనక దాక్కోండి, అది వచ్చి మొరుగుతుంది. కనిపెట్టాక మాత్రం బంతి ఇవ్వడం మర్చిపోకండి, మా బావమరిది జేబులో ఉంటుంది.